‘ఓ’ దగ్గర అతుకు

నాకు తెలుగు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటాయి. ఇంగ్లీషువి సిడ్నీకి వచ్చాక, లైబ్రరీలో ఉచితంగా చెప్పే క్లాసులో నేర్చుకున్నాను. అవైనా అచ్చులో విడివిడిగా నిలబడితేనే చదవగలను. అంతకుముందు ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టి బతికాను. కొలతలు రాసుకోవడం రాదు కాబట్టి ఆది జాకెట్టు తెమ్మనేదాన్ని. అది ముందు పరుచుకుని గుడ్డ కోసేదాన్ని. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

నా మనవరాలు ఇక్కడే యూనిలో డిజైన్ చదువుతోంది. ఆఖరి ప్రాజెక్టుకి ఒక ఇంగ్లీషు అక్షరాల సెట్టు తయారుచేస్తానంది. పెళ్లికార్డుల మీద, సర్టిఫికెట్ల మీద, వైన్ సీసాల మీద, హారిస్ పార్క్‌లో మనవాళ్ల కొట్లలో దొరికే ఖరీదైన స్వీట్ల డబ్బాల మీద వాలుగా, కలిపిరాతలో, కొసలు మెలితిరిగి ఉంటాయే, ఆ రకం. నాకు అవంటే మంట.

“ఎవరు చదవాలనే ఇవి?” అన్నాను.

“చదవడానికి కాదు అమ్మమ్మా. దిస్ డే ఈజ్ స్పెషల్ అని చెప్పడానికి.”

“అయితే పట్టుచీరన్నమాట.”

“ఎగ్జాక్ట్‌లీ! పట్టుచీర కట్టుకుని నువ్వు గార్డెన్‌లో కలుపు తీస్తావా? అలాగే వీటితో మెడిసిన్ లేబుల్స్ రాయకూడదు.”

సన్నటి పాళీ తెచ్చి రాసి చూపించింది. చెయ్యి కిందికి దిగేటప్పుడు నొక్కితే గీత లావవుతుంది. పైకి వెళ్లేటప్పుడు వదిలేస్తే వెంట్రుకంత అవుతుంది. అలా రాసినవాటిని కంప్యూటర్లో మళ్లీ గీసుకుంటోంది. మాటలన్నీ కలిపే రాసి పెట్టుకుంటారని నేననుకున్నాను. కాదట. ఒక్కో అక్షరం విడిగా కోసిన ముక్క. పక్కన ఎవరొచ్చి నిలబడతారో దానికి తెలియదు. అయినా దాని తోక ఎంత ఎత్తులో ఆగుతుందో, పక్కదాని తల సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఒక చంకకి ఒక చెయ్యి ముడత పడకుండా అతకడానికే నాకు ఏళ్లు పట్టింది. ఈ పిల్ల ఇరవై ఆరు చంకలకి అతికే చెయ్యి కోస్తోంది!

ప్రాజెక్టు సోమవారం మధ్యాహ్నానికి ఇచ్చెయ్యాలి. ఆదివారం పొద్దున స్కోఫీల్డ్స్‌లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరిచి, వాటి మీద తల పెట్టుకుని కూర్చుంది.

“ఏమైందే?”

చిన్న ‘ఓ’ చూపించింది. మిగతావి చాలావరకు తోక కింద వదులుతాయి. ‘ఓ’ గుండ్రంగా తిరిగొచ్చి పైన వదులుతుంది. ‘బి’, ‘ఆర్’, ‘వి’, ‘డబ్ల్యూ’ కూడా అంతే. వాటి పక్కన ‘ఎన్’ వస్తే అతుకు దగ్గర సందు. ‘ఓ’ తోక కిందికి లాగితే అది ‘ఏ’ లాగా కనబడుతోంది.

“చాలా వర్డ్స్ బానే ఉన్నాయి. ఇలాగే సబ్మిట్ చేసేస్తా. ఐయామ్ డన్.”

“‘ఓ’ లేని మాటలు ఎన్నుంటాయే? అతుకు ఊడిన జాకెట్టు చేతిలో పెట్టి తొడుక్కోమంటావా?”

“అమ్మమ్మా, ప్లీజ్!”

“‘ఓ’ని కిందికి లాగకు. దాని పక్కన నిలబడేదానికి ఇంకో చెయ్యి కుట్టు. లావుపాటావిడకీ బక్కావిడకీ ఒకే చెయ్యి వేస్తామా? మామూలప్పుడు కింద మొదలయ్యే ‘ఎన్’ ఒకటి. ‘ఓ’ పక్కనైతే పైన మొదలయ్యే ‘ఎన్’ ఇంకొకటి.”

అది తలెత్తి చూసింది. “ఆల్టర్నేట్స్... మా ట్యూటర్ కూడా అదే చెప్పింది. బట్ అన్నిటికీ సెకండ్ వన్ గీయాలి. ట్వెంటీ సిక్స్!”

“అయితే గీయి. నేను చూస్తా.”

అది గీసి ప్రింటు తీస్తుంటే నేను పక్కన కుర్చీ వేసుకుని తప్పులు పట్టాను. కలిపిరాత చదవడం రాకపోవడం ఆ రోజు మంచిదే అయింది. నాకు మాట కనబడదు, గీతలే కనబడతాయి. ఇది ఉబ్బింది, ఇక్కడ లాగుతోంది, ఈ ‘ఆర్’ మెడ పట్టేసినట్టుంది అంటూ పోయాను.

“యూ ఆర్ సో రూడ్, అమ్మమ్మా.”

“నా దగ్గర కుట్టించుకున్నవాళ్లు నన్ను అన్న మాటలు నువ్వు వినలేదు.”

పొద్దు వాలేసరికి ఇరవై ఆరూ అయ్యాయి. “ఇప్పుడు బ్రౌన్ అని కొడతా. బి, ఆర్, ఓ, డబ్ల్యూ, ఎన్. ప్రతి అతుకూ ప్రాబ్లమే. ఇది నిలబడితే అన్నీ నిలబడతాయి” అంది.

‘బి’ కొట్టింది. ‘ఆర్’ కొట్టింది. వచ్చిన ‘ఆర్’ తనంతట తానే చెయ్యి పైకి ఎత్తి ‘బి’ని అందుకుంది. తర్వాత ‘ఓ’. తర్వాత ‘డబ్ల్యూ’. చివర ‘ఎన్’ కూడా.

“దానికెలా తెలిసిందే?” అన్నాను.

“నేనే రూల్ రాశా. నీ ముందు ఎవరున్నారో చూసుకో, చెయ్యి మార్చుకో అని.”

ప్రింటు తీసిచ్చింది. కాగితం మీద ‘బి’ దగ్గర గోరు ఆనించి ‘ఎన్’ దాకా నడిపాను. గీత ఎక్కడా తెగలేదు. అది ఒకటే గీత కాదని, అయిదు ముక్కలని నాకు తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు.

సోమవారం దాకా ఆగకుండా అప్పుడే పంపేసింది. “డన్!” అని లాప్‌టాప్ మూయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“మూయకు. ముందున్నవన్నీ తీసెయ్. ‘ఎన్’ ఒక్కటే ఉంచు. ఇప్పుడు దాని ముందు మళ్లీ ‘డబ్ల్యూ’ పెట్టు, చెయ్యి ఎలా మార్చుకుంటుందో చూస్తా.”