మా బడి నూతి నీళ్ళు

మా బడి నూతిలో నీళ్ళు తియ్యగా ఉండేవి. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ అలాంటి నుయ్యి దొరకడం అదృష్టమే. సాయంత్రం బడి వదిలాక ఊళ్ళోవాళ్ళు కూడా బిందెలతో వచ్చి తోడుకెళ్ళేవారు. నేను సైన్సు టీచరుగా ఆ హైస్కూలుకి బదిలీ అయి వచ్చిన రోజు, అటెండరు గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చి, "మా నూతి నీళ్ళు తాగినోళ్ళు మళ్ళీ బదిలీ అడగరండి" అన్నాడు. నేనూ అడగలేదు.

ప్రహరీ వెనక వరిచేలు ఉండేవి. ఊరి పెద్దాయన ఒకడు వాటిని కొనేసి రొయ్యల చెరువులు తవ్వించాడు. ఉప్పుటేటి నీళ్ళు మోటార్లతో తోడి వాటిని నింపేవారు. కొన్నాళ్ళకి మా నూతి నీళ్ళు ఉప్పెక్కి నోట పెట్టుకోడానికి లేకుండా పోయాయి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గగ్గోలు పెట్టింది. "ఎంతసేపు మంటెట్టినా పప్పు ఉడక్కుండా పలుకులాగే ఉంటందండి. ఈ నీళ్ళతో నా వల్ల కాదండి" అంది. పిల్లలు ఇళ్ళ నుంచి సీసాలు తెచ్చుకునేవారు. మర్చిపోయినవాళ్ళు పక్కవాళ్ళని గుక్కెడు అడుక్కునేవారు, లేదా బడి వదిలేదాకా ఓర్చుకునేవారు. ఒక ఎండాకాలం ప్రార్థనలో ఆరో తరగతి పాప కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ వారమే ఆ పాప తల్లి మొదటి సంతకం పెట్టగా, మేమంతా కలిసి చెరువులు ఆపించమని అర్జీ ఇచ్చాం. ఆఫీసులో "చూద్దామండి" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఈలోగా పెద్దాయన తన తండ్రి పేరున ఫౌండేషన్ ఒకటి పెట్టాడు. చుట్టుపక్కల సర్కారు బళ్ళకి బ్యాగులు, బెంచీలు, ఫ్యాన్లు ఇచ్చాడు. కాదనను, అవి పిల్లలకి పనికొచ్చాయి. మా బడికి మాత్రం మంచినీళ్ళ ప్లాంటు ఇస్తానన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. గోవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే కదా!

హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళి, "నూతిని పాడుచేసినాయన చేతే రిబ్బన్ కట్ చేయిస్తారా అండీ?" అని అడిగాను.

"ఆయ్, నాకూ తెల్సండి. కానీ పిల్లలు దాహంతో ఉన్నారు కదండీ టీచరుగారూ" అన్నారాయన. ఆయన అన్నది నిజమే. అందుకే ఇంకా మండింది.

ప్రారంభోత్సవం నాడు ప్రహరీ పొడుగునా ఫ్లెక్సీలే. పెద్దలు షామియానా కింద, గులాబీలు పట్టుకున్న పిల్లలు ఎండలో. వందన సమర్పణ నాకు అప్పగించారు. నేను నూతిలోంచి ఒక గ్లాసు నింపుకుని వేదిక ఎక్కి, "మా బడి నీళ్ళండి, ముందు ఇవి పుచ్చుకోండి" అని పెద్దాయనకి అందించాను. కెమెరాలు ఆయన మీదే ఉన్నాయి. వద్దనలేక ఒక గుక్క తాగాడు. ముఖం ముడుచుకుపోయింది, అయినా మింగాడు. నాకు ఎంత తృప్తిగా అనిపించిందో! ఆ తృప్తి తెల్లారేదాకానే. మర్నాడు పేపర్లో అదే ఫోటో వేసి, కింద 'శుద్ధజలం రుచి చూస్తున్న దాత' అని రాశారు. ఫౌండేషన్ వాళ్ళు దానికి ఫ్రేము కట్టించి ప్లాంటు గదిలో తగిలించారు.

ఈ వేసవిలో ప్రహరీ వెనక ఇంకో చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగింది. మళ్ళీ అర్జీ రాసుకుని, మొదట ఆ పాప తల్లి దగ్గరికే వెళ్ళాను. ఆవిడ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, కాగితం మాత్రం ముట్టుకోలేదు.

"పిల్ల ఇప్పుడు కడుపారా నీళ్ళు తాగుతోందండి. ప్లాంటు ఇచ్చేరు కదండీ పెద్దాయన. ఎదురెళ్తే తాళం వేసేస్తేనో?"

అర్జీ మడిచి సంచీలో పెట్టుకున్నాను. తాళంచెవి ఫౌండేషన్ మనిషి దగ్గరే ఉంటుంది. పొద్దున్న వచ్చి తీస్తాడు, బడి వదలగానే వేసుకుపోతాడు. మా నూతికి ఏనాడూ తాళం లేదు.