పరిగె ఏరిన చేలల్లో హాస్టళ్లు

ఇవాళ యూనివర్సిటీ ఎదురుగా ఒక కొట్టు గుమ్మానికి వరి కుచ్చు వేలాడుతోంది. మేరీ, రాజేశ్వరీ, గుర్తుందా? ఇప్పుడు హాస్టళ్లూ టిఫిన్ సెంటర్లూ ఉన్నచోటంతా మన చిన్నప్పుడు చేలే కదా. కోతలయ్యాక రాలిన కంకులు పరికిణీ ఒళ్లో ఏరుకునేవాళ్లం, ఒళ్లంతా ఒకటే దురద. "మొత్తం ఊడ్చెయ్యకండే, పిట్టలకీ కాసిని ఉంచండి" అని మా అమ్మ గట్టు మీంచి కేకేసేది. ఆ కంకులనే కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకి కట్టేది.

ఆ అల్లిక మా అమ్మాయి సుధకి నేర్పాను. ఈ యూనివర్సిటీలోనే చదువుతానన్న పిల్ల, నిరుడు జ్వరమొచ్చి పోయింది.

"ప్లాస్టిక్‌దండీ ఆంటీ, పాడవ్వదు. మీ అమ్మాయికి తీసుకెళ్లండి. ఏ హాస్టల్లో ఉంటుంది?" అంది కొట్లో అమ్మాయి.

ఎదురుగా కనిపించిన హాస్టల్ పేరు చెప్పేశాను.