ఒకటికి పిసరు తక్కువ

ఆ రోజుల్లో నేను గుడివాడలో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్కలంటే లెక్కలు కావు, చిట్కాలు. పాయింటు తర్వాత ఒకే అంకె ఆగకుండా తిరుగుతుంటే దాని కింద తొమ్మిది పెట్టెయ్యి, రెండంకెలు తిరిగితే తొంభైతొమ్మిది పెట్టెయ్యి, భిన్నం వచ్చేస్తుంది. 0.777… అంటే ఏడు బై తొమ్మిది. ఎందుకలా అని ఎవరూ అడిగేవారు కాదు (అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి). అయినా చేతిలో మార్కర్ ఉంటే చాలు, నా అంత మేధావి కృష్ణా జిల్లాలోనే లేడనుకునేవాణ్ణి.

ఆ ఊపులోనే బందరు లడ్డూల డబ్బా పట్టుకుని, మా మేనత్తతో కలిసి నాగాయలంకకి పెళ్లిచూపులకి వెళ్లాను. అమ్మాయి బీఈడీ చదువుతోంది. కాఫీ ఇస్తూ ఒక్కసారి చూసిందంతే, ఈ సంబంధం కుదరకపోతే నా బతుకు ఇంతే అనిపించింది. వాళ్ల నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. ఆయన మాత్రం నన్ను సైజు రాని రొయ్యను చూసినట్టు చూసి, "ఏమనుకోకండి బాబూ, గవర్నమెంటు ఉద్యోగం ముందు కోచింగంటే ఓ పిసరు తక్కువేగా!" అన్నారు. మా అత్తయ్య ఊరుకుంటుందా? "తక్కువేంటి అన్నయ్యగారూ! మావాడు లెక్కల్లో పులి. కావాలంటే అమ్మాయినే ఏదైనా అడగమనండి," అంది.

అమ్మాయి నిజంగానే అడిగింది.

"సున్నా పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది… అలా ఆగకుండా వెళ్తుందనుకోండి. భిన్నంలోకి మార్చండి."

ఓస్, ఇంతేనా అనుకుని లడ్డూల డబ్బా మూత తిరగేసి రాశాను. తొమ్మిది కింద తొమ్మిది. అంటే ఒకటి! 0.999… ఒకటికి పిసరు తక్కువని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది కదా! కొట్టేశాను. మళ్లీ చేస్తే మళ్లీ ఒకటే వచ్చింది. అదీ కొట్టేశాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. చివరికి "ప్రశ్నలోనే తప్పుందండీ," అన్నాను (ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది).

"తప్పేముందండీ? మీరు రాసింది కరెక్టే. ఎందుకు కొట్టేశారు?" అంది అమ్మాయి.

"ఒకటికి పిసరు తక్కువ కదండీ?"

"అయితే ఆ పిసరు ఎంతో రాసి చూపించండి."

రాయడం మొదలుపెట్టాను. సున్నా పాయింటు సున్నా సున్నా సున్నా… అక్కడ తొమ్మిదులు ఆగితే కదా, ఇక్కడ సున్నాలు ఆపి చివర్న ఒకటి పెట్టడానికి! మూత నిండిపోయింది గానీ తేడా దొరకలేదు. మా అత్తయ్య బస్సుకి టైమవుతోందంటూ లేచింది. నేనూ తల దించుకుని లేచాను. అంతా అయిపోయిందనుకున్నాను.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి వాళ్ల నాన్నగారి గొంతు వినిపించింది. "కుర్రాడు మంచోడేనమ్మా. ఉద్యోగమే ఓ పిసరు తక్కువ."

"ఆ పిసరు ఎంతో చూపించు నాన్నా," అంది అమ్మాయి.

ఆయనా చూపించలేకపోయారు. మా పెళ్లయిపోయింది.

ఇప్పటికీ క్లాసులో ఈ లెక్క చెప్పి బోర్డు మీద ఒకటి రాయగానే నా చెయ్యి దానంతటదే డస్టర్ వైపు వెళ్తుంది. ఇంటికొచ్చి చెబితే, "ఇంకా కొట్టేస్తున్నారా?" అని నవ్వుతుంది మా ఆవిడ. నాకూ నవ్వొస్తుంది గానీ, లడ్డూల మూత మీదకి వంగి చెమటలు కక్కుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. సరైన జవాబే వచ్చినా, పిసరు తక్కువేమోనని తనే కొట్టేసుకున్నాడు, పాపం.