మందు తిన్నావా, గంగులూ?

ఎదురింట్లో పెళ్ళి విందు. బ్రాందీ వాసన కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. ముప్పయ్యేళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నాకు ఒళ్ళు మండుతుంది, వెంటనే గంగులు గుర్తుకొస్తాడు.

మన్యంలో పితూరీ చల్లారిన కొత్తలో నేను అనంతగిరి దగ్గర అడవి శాఖ దొరకు దుబాసీని. ఆయన ఇంగ్లీషును తెలుగు చేసి కొండవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. సర్కారు మనిషినని కొండవాళ్ళు, కొండవాళ్ళతో తిరుగుతానని కచేరీవాళ్ళు నన్ను దూరం పెట్టారు. రోజంతా ఇద్దరి మాటలూ నా నోటనే ఆడేవి, నాతో మాట్లాడే దిక్కు మాత్రం లేదు. పొరుగు గుడిసె గంగులు ఒక్కడే సాయంత్రం వచ్చి నా అరుగు మీద కూర్చునేవాడు. పేరుమోసిన విలుకాడు. చలిజ్వరం పీల్చేసిన ఒళ్ళు, చేతులు వణికేవి. సర్కారు దుకాణంలో కొన్న నల్లమందు ఆవగింజంత నోట్లో వేసుకుంటే వణుకు ఆగేది. "ఏటి బాబూ, ఇంటి మీద బెంగెట్టుకున్నావేటి? నాకాడ దాసకు," అనేవాడు. అతని దగ్గర దాచడం మానేశాను.

ఆ ఏడు దొరకు విలుపందెం సరదా పుట్టింది. గెలిచినవాడి ఇంట్లో ఎవరూ ఘాటురోడ్డు వెట్టికి పోనక్కరలేదన్నాడు. గంగులు కొడుకు అప్పటికే జ్వరంతో మూలుగుతున్నాడు. ఆ ఒంటితో రాళ్ళు మోస్తే దక్కడు.

"ఈ పందెం కొట్టీనానంటే గుంటడు బతికినట్టే బాబూ," అన్నాడు గంగులు.

పందెం నాడు దొర ముందు బల్ల మీద బ్రాందీ సీసాలు. ధైర్యానికని విలుకాళ్ళకూ తలో గ్లాసు పోయించాడు. గంగులు వద్దన్నాడు. తాగినవాళ్ళు తూలుతూ వరసలో నిలబడ్డారు. అంతలో ఎవడు చెవిన వేశాడో, దొర లేచాడు. నల్లమందు తిన్నవాడికి చేయి వణకదట, అది మోసమట, అందరినీ అడగమన్నాడు. ఆ మందు అమ్మేది వాళ్ళ సర్కారే! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా?

వరసన అడుగుతూ వచ్చాను. "లేదు బాబూ," అన్నారందరూ. వాళ్ళలో ఇద్దరు రోజూ తినేవాళ్ళేనని నాకు తెలుసు.

"మందు తిన్నావా, గంగులూ?"

"తిన్నాను బాబూ. ఒణుకు జొరానికి."

గంగులు తల ఊపడం చూసి దొరకు నేను చెప్పకుండానే అర్థమైపోయింది. గంగుల్ని బయటికి పంపేశారు. తూలేవాళ్ళలో ఒకడు గెలిచాడు.

దారిలో నాకు కోపం ఆగలేదు. "లేదని ఒక్క మాట అనలేకపోయావా? కొడుకు ప్రాణం గదయ్యా!"

"దొరే అడిగుంటే లేదనీసుందును బాబూ. ఆడు ఇంగిలీసులో ఏటన్నాడో నాకేటెరిక? అడిగినోడివి నువ్వు. నీకబద్దం సెప్పీసి నీ అరుగు మీద ఎలాగ కూకుంటాను?"

కొడుకు రోడ్డు పనికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు, జ్వరం అక్కడే మింగేసింది. ఆ తర్వాత కూడా గంగులు వచ్చి నా పక్కన కూర్చున్నాడు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఉద్యోగం వదిలేశాను. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగబోయే ముందు, ఈ జవాబు కావలసింది నాకేనా, ఇంకెవరికోనా అని ఆలోచిస్తాను. చాలాసార్లు అడగకుండానే ఊరుకుంటాను. అందుకే కాబోలు, నాకు మనుషులు తక్కువ.