గుమ్మం దగ్గర ఆగిపోయిన వీడియో

మా సోషల్ టీచర్ చనిపోయారన్న వార్త పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. చిత్తూరులో, తన ఇంట్లోనే, నిద్రలోనే పోయారని రెండు లైన్లు. వాటి కింద దండాలు. ఆ దండాల కింద, పది నిమిషాలైనా కాకముందే, ఎవరో ఆ వీడియో పెట్టారు. "మన టీచర్ ఎంత అమాయకురాలో చూడండి" అని రాసి, ఏడుపు బొమ్మ ఒకటి, నవ్వు బొమ్మ ఒకటి పక్కపక్కన తగిలించారు.

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళయితే మీరూ ఆ వీడియో చూసే ఉంటారు. ఎర్రటి కొండల మధ్య ఒక పెద్దావిడ నేత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఉత్తి కాళ్ళతో తడి రాళ్ళ మీద నడుస్తూ ఉంటుంది. వెనక నుంచి ఒక మగగొంతు "గోవిందా గోవింద" అంటుంది. నలుగురు నవ్వుతారు. ఆవిడ ఒక పాత చర్చి గుమ్మం దాకా వెళ్ళగానే వీడియో ఆగిపోతుంది.

ఆవిడే మా టీచర్. ఆ దేశం ఆర్మేనియా. ఆ నవ్వుల్లో నా గొంతు లేదు. కానీ "నవ్వకండి" అన్న గొంతు కూడా అందులో లేదు. అక్కడ ఆ మాట అనవలసింది నేను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా కాన్వెంటులో ఆవిడ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. నల్లబల్ల మీద ఏ దేశాన్నయినా చూడకుండా గీసేవారు. పటం గోడకు తగిలించాక మమ్మల్ని దాని మీద వేలు పెట్టనిచ్చేవారు కాదు. పెన్సిల్ కొన పెట్టాలి, అదీ ఊరి పేరుకు కొంచెం పక్కన.

"పేరు మీద పెట్టొద్దు పాపా. ఆడ మనుషులుండారు" అనేవారు.

మేం నవ్వుకునేవాళ్ళం. పరీక్ష పేపర్లో ఎవరైనా "వెనకబడిన ప్రాంతం" అని రాస్తే ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన "ఎవరికంటే?" అని రాసేవారు. మార్కులు మాత్రం తగ్గించేవారు కాదు. జవాబు చెప్పేదాకా పేపరు చేతికిచ్చేవారు కాదు, అంతే.

క్లాసులో లేచి నిలబడితే నాకు మాట పెగిలేది కాదు. తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయేది. మిగతా టీచర్లు విసుక్కుని కూర్చోమనేవారు. ఆవిడ మాత్రం ఒకరోజు లైబ్రరీలో నా ఎదురుగా కూర్చుని, "నోరు రాకుంటే చెయ్యి ఉండాది గదా. రాసి ఇయ్యి" అన్నారు. అప్పటి నుంచి నా జవాబులన్నీ చిన్న చీటీల మీద ఆవిడ బల్ల మీదికి చేరేవి. ఒక్క చీటీ కూడా పారేయలేదని చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళింట్లో చూసి తెలుసుకున్నాను.

ఆర్మేనియా పిచ్చి ఆవిడకు ఎలా పట్టిందో కూడా చెప్పాలి. వాళ్ళది నగరి. వాళ్ళ నాయన మగ్గం నేసేవాడు. లుంగీల మూట తీసుకుని రైల్లో మద్రాసు పోతూ ఒకసారి కూతుర్ని కూడా వెంట తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆగలేక ఆర్మేనియన్ వీధిలో తెరిచి ఉన్న ఒక గేటు చూసి లోపలికి వెళ్ళారు. పాత చర్చి. నీడ, పూలచెట్లు, మనిషి అలికిడి లేదు. నేల మీద పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మీద ఎప్పుడూ చూడని అక్షరాలు. అవి సమాధులని తెలియగానే నాయన చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. కూతుర్ని కూడా విప్పమన్నాడు.

"రాయి కాలతా ఉండాది నాయనా!"

"కాలనీలే. కింద ఎవురో నిద్రపోతా ఉండారు."

"ఎవురో ఏమో, పేరు సదివే దానికి కూడా రాలా."

"మనకు సదవను రాకపోతే వాళ్ళు మనుషులు గాకుండా పోతారా?"

ఆయనకు తెలుగు చదవడం కూడా రాదు. ఈ సంగతి టీచర్ నాకు చాలాసార్లు చెప్పారు.

ఆవిడ రిటైరైన కొన్నాళ్ళకు తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఆర్మేనియాకు ఐదు రోజుల యాత్ర వేశారు. పాత మఠాలు, కొండలు, ఒక సరస్సు. తోడు రమ్మని నన్నడిగారు. యూనివర్సిటీ లైబ్రరీలో నాకు ఉద్యోగం దొరికిన కొత్త. ఆవిడ అడిగితే కాదనడం నాకు చేతకాదు.

బస్సు నిండా మన వాళ్ళే. చింతకాయ తొక్కు, పప్పుల పొడి, ఫోటోల గోల. రెండో రోజు అరారాత్ కొండ కనిపించే మఠానికి తీసుకెళ్ళారు. మంచు కప్పుకున్న అంత పెద్ద కొండను నేను ఎన్నడూ చూడలేదు. ఆ దేశం వాళ్ళకు అది ప్రాణం. కానీ ఇప్పుడు అది సరిహద్దుకు అవతల ఉంది. దారి మూసేశారు. మా గైడు ఆ ఊరి అమ్మాయే, రోజూ కిటికీ తీస్తే కొండ కనపడుతుందనీ, ఇంతవరకు దాని మీద అడుగు పెట్టలేదనీ ఇంగ్లీషులో చెప్పింది. మా వాళ్ళు కొండ అరచేతిలో ఉన్నట్టు ఫోటోలు దిగుతున్నారు.

టీచర్ చాలాసేపు చూసి, "మనం కొండ కిందే పుట్టి, ఎప్పుడైనా పోవచ్చులే అని ఏళ్ళకేళ్ళు పోకుండా ఉంటాం. సూడు, వీళ్ళకు సూసేదొకటే మిగిలింది" అన్నారు. ఆ రోజు ఆవిడ ఫోటో దిగలేదు.

మూడో రోజు నోరవాంక్ మఠం. సన్నటి లోయ, రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు. సాయంత్రం ఎండలో మన తిరుమల కొండ అంచులు ఏ రంగులో ఉంటాయో అచ్చం ఆ రంగు. పొద్దున కురిసిన మంచు కరిగి దారంతా తడిగా ఉంది. బస్సులో టీచర్ గైడును ఒకటే ప్రశ్న అడిగారు. "నేల మీద సమాధులుంటాయా?" లోపలా ఉంటాయి, బయటా ఉంటాయి అంది ఆ అమ్మాయి. నేను పక్క సీట్లోనే ఉన్నాను, విన్నాను.

బస్సు ఆగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ అందరూ ఒక్కసారిగా వంగి బూట్లు విప్పి సీట్ల కిందికి తోశారు. మనకు అలవాటు. కొండ, మలుపులు, పైన గుడి. తిరుమల బస్సు ఆగినప్పుడు మన చేతులు వాటంతటవే చేసే పని.

టూర్ మేనేజరు వెనక్కి తిరిగి చూసి అరిచాడు. "ఏం సామీ, అందురూ ఇప్పేస్తా ఉండారు? ఇది మన కొండ గాదు, చర్చి. ఏసుకోండి, ఏసుకోండి, కాళ్ళు గడ్డ కట్టిపోతాయి!"

బస్సంతా నవ్వు. అందరూ మళ్ళీ వంగారు. మా ముందు సీట్లోని పెద్దమనిషి, రిటైరైన ఆఫీసరు, అప్పటికే ఒక మేజోడు కూడా లాగేశాడు. "అలవాటు పాడుగాను" అంటూ మళ్ళీ తొడుక్కున్నాడు. బూట్లు తొడగనిది టీచర్ ఒక్కరే.

"టీచరమ్మా, ఏసుకో తల్లీ. ఇది అలిపిరి గాదు" అన్నాడాయన.

"తెలుసప్పా" అన్నారు టీచర్.

ఆ "తెలుసప్పా" వీడియోలో లేదు. ఆయన ఫోను తీసింది ఆ తర్వాత. గోవిందా అన్నది ఆయనే. నిమిషం కిందట తానే ఒక కాలు ఉత్తిదిగా కూర్చున్న మనిషి! పొరపాటు చేసింది బస్సులో ఉన్న మేమంతా. చెయ్యని మనిషి ఒక్కరే ఒక్కరు. ఆ ఒక్కరినే నవ్వులపాలు చేశాం. మేం మా కొండకు పుట్టు భక్తులం కాబోలు, ఎదుటివాళ్ళ కొండ దగ్గరికి పోతే మాత్రం మా భక్తి సీటు కిందే ఉండిపోతుంది.

ఆ రాత్రికే వీడియో ఊళ్ళోకి చేరింది. హోటల్ గదిలో ఆవిడ బకెట్లో వేడినీళ్ళు పోసుకుని పాదాలు ముంచుకుని కూర్చున్నారు. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకు విప్పారో వాళ్ళకు చెప్పుండాల్సింది టీచర్."

"అడిగినోళ్ళకు చెప్తాం. ఎవురూ అడగలా గదా పాపా."

ఇదీ నా కోపం. తెలియకపోవడం తప్పు కాదు. ఇరవై ఐదు మంది చదువుకున్న వాళ్ళలో, "ఎందుకమ్మా?" అని అడగడానికి ఒక్కరికి కూడా తోచలేదు. జవాబు ముందే తెలుసనుకున్నారు. పల్లెటూరి పంతులమ్మ, కొండ కనపడితే తిరుమల అనుకుంది. అంతే. ప్రపంచ పటాన్ని కళ్ళు మూసుకుని గీసే మనిషి గురించి ఈ మాట!

రెండేళ్ళు ఆ వీడియో ఆవిడ వెంట తిరిగింది. కూరగాయల అంగట్లో కూడా "ఏం టీచరమ్మా, చెప్పులు యాడిడిస్తివి?" అన్నవాళ్ళున్నారు. చనిపోయిన రోజున ఇంటి ముందు నిలబడి, "ఆ చలిలో ఉత్తికాళ్ళతో తిరిగింది, అదే గుండెకు తగిలింది" అన్నవాళ్ళూ ఉన్నారు. రెండేళ్ళ కిందటి చలి!

బడిలో సంతాప సభ పెట్టారు. వీడియో తీసిన ఆ పెద్దమనిషినే మాట్లాడమన్నారు. ఆయన మైకు అందుకుని, ప్రేమగానే, ఆ కథంతా చెప్పాడు. "ఆర్మేనియాను తిరుమల అనుకున్న పసిమనసు ఆమెది" అన్నాడు. సభలో నవ్వులు. దండ వేసిన ఫోటో ముందు! తర్వాత నన్ను పిలిచారు. చెప్పవలసినవన్నీ నా దగ్గర ఉన్నాయి. మైకు ముందు నిలబడి, "టీచర్ మంచివారు" అని దిగిపోయాను.

కాబట్టి ఇది నేను ఆవిడ బల్ల మీద పెడుతున్న ఆఖరి చీటీ.

వీడియో గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఆ గుమ్మం లోపలికి ముందు వెళ్ళింది మేం ముగ్గురమే, టీచర్, గైడు, నేను. లోపల మసక చీకటి. ఎత్తున ఉన్న కిటికీ నుంచి పడే వెలుగు తప్ప ఏమీ లేదు. నేలంతా సమాధి రాళ్ళు. రాయి రాయికీ అక్షరాలు, మద్రాసులో చిన్నపిల్లగా ఆవిడ చూసిన అక్షరాలే.

గైడు ఆవిడ పాదాలు చూసి నొచ్చుకుంది. "బూట్లతో రావచ్చమ్మా. వీళ్ళు గొప్ప గొప్ప వాళ్ళు. తమ గర్వం అణగాలని, జనం తమ మీద నడవాలని, కోరి ఇక్కడ పూడ్పించుకున్నారు" అంది.

టీచర్ ఇంగ్లీషులో నిదానంగా అన్నారు. "తొక్కమన్నది వాళ్ళ మంచితనం. చెప్పులు విప్పడమన్నా మా వంతుకు మిగలాలి కదా."

ఆ అమ్మాయి తాను నిలబడిన రాయి వంక చూసుకుని, ఒక అడుగు పక్కకు జరిగింది.

టీచర్ నడిచారు. అక్షరాలు లేని జాగా వెతుక్కుంటూ, అది దొరకని చోట మునివేళ్ళ మీద. అవతలి గోడ దాకా వెళ్ళి నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గరే ఉండి నేల వైపు చూశాను. తడి పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి, ఐదు వేళ్ళూ స్పష్టంగా. నేను చూస్తుండగానే మడమలు ఆరిపోయాయి, తర్వాత వేళ్ళు. చెక్కిన అక్షరాల లోతుల్లోకి జారిన నీళ్ళు మాత్రం ఆరలేదు. ఆ వెలుగులో ఒక పేరు, నాకు చదవడం రాని పేరు, మెరుస్తూ ఉంది.