మా నాయన ఇంగ్లీషు, మా చిన్నాయన ఇంగ్లీషు

మొన్న మా మనవరాలు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసు నుంచి వచ్చి ముఖం ముడుచుకుని కూర్చుంది. గలగలా వాగేవాళ్లకే ఇంగ్లీషు వస్తుందట, తనలాంటి ముంగులకు ఎన్నటికీ రాదట. నాకు నవ్వొచ్చింది. వెంటనే మా నాయన, చిన్నాయన కళ్లముందు నిలిచారు.

మడకశిర దగ్గర మా ఊళ్లో నాయన ఇంగ్లీషు అయ్యవారు. వ్యాకరణం ఆయనకు కొట్టినపిండి. నలుగురు చేరితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, ఎనిమిదో తరగతి తప్పి గొర్రెల వ్యాపారంలో దిగినవాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఏ సంతలో ఏది చెల్లితే అది మాట్లాడేవాడు. ఇంగ్లీషునూ అట్లాంటి సంత భాషే అనుకునేవాడు.

అరవైల్లో వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కరువు చూడటానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయనకు గానీ డ్రైవరుకు గానీ తెలుగు ముక్క రాదు. వెంట రావలసిన తహసీల్దారు జీపు దారిలోనే చెడిపోయింది. ఊరంతా నాయన వైపు చూసింది. నాయన లేచి నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది గానీ, "సార్" తర్వాత ఇంకో మాట రాలేదు. అధికారి గడియారం చూసుకుని తన జీపు వైపు కదిలాడు. చిన్నాయన అడ్డం పోయి, "సార్, వాటర్ నో. షీప్ డై. యూ కమ్, సీ" అంటూ ఆయన్ను ఊరిబావి దగ్గరికి నడిపించుకుపోయాడు. జనం దూరంగా ఆగిపోయారు. నాయన వాళ్ల వెనకే నడిచాడు, నేను ఆయన పంచె పట్టుకుని వెంట పోయాను.

బావి అడుగున బండ తేలి ఉంది. అధికారి ఏదో పొడవాటి ప్రశ్న వేశాడు. చిన్నాయన ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది. "అన్నా, ఈయన ఏమో అడుగుతాండాడు. ఈడ ఎవురూ లేరు, మనమే. నువ్వు చెప్పు" అన్నాడు మెల్లగా.

నాయన అధికారి మొహం చూడలేదు. బావిలోకి చూస్తూ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నీళ్లు ఎట్లా తగ్గుతూ వచ్చాయో, ఆడవాళ్లు ఎంత దూరం పోయి తెస్తున్నారో, తొందర లేకుండా, ఒక్కో వాక్యం పూర్తి చేసి మరీ చెప్పాడు. అధికారి కదలకుండా విన్నాడు. ఆ ఎండాకాలంలోనే బండ పేల్చి బావి లోతు చేశారు. నీళ్లు పడ్డాయి.

ఆ తర్వాత బడిలో నాయన పద్ధతి మారింది. నోరున్న పిల్లలు ఎన్ని తప్పులు మాట్లాడినా ఆపేవాడు కాదు. నాలాంటి ముంగులను నలుగురిలో నిలబెట్టకుండా, విడిగా పక్కన కూర్చోబెట్టుకుని, "నిదానంగా చెప్పు, నేను యాడికీ పోను" అనేవాడు. ఆ ఇంగ్లీషుతోనే నేను ఉద్యోగమంతా నడిపాను, సభల్లో కూడా మాట్లాడాను.

అన్నదమ్ములిద్దరూ పోయి ఏళ్లయింది. ఇంత కాలం గడిచాక చూసుకుంటే, నాయన నా మాట కోసం ఆగిన ఆ కాసేపే నా బతుకంతటికీ సరిపోయింది.