ఆగినవాళ్లకు కుర్చీ

మా కంప్యూటర్ మేడం పోయారని వనపర్తి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్ బస్సులో ఉన్నాను. సంతాప సభలో ఒకాయన ఆమెను శాంతమూర్తి అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె శాంతమూర్తి కాదు, ఒట్టి పోట్లాట మనిషి. నాకు ఆమె అట్లాగే కావాలి.

పైథాన్ నేర్పింది ఆమే. పల్లికాయ కొనే మార్కెట్ కోసం మేమిద్దరం ఒక చిన్న వెబ్ సర్వీసు రాశాం. పాన్‌గల్ నుంచో కోడేరు నుంచో ఒక్కో ఊరి రైతుల వివరాలన్నీ చదరపు బ్రాకెట్ల మధ్య ఒకే వరుసగా మా సర్వర్‌కు వచ్చేవి. ఆ వరుసనే జేసన్ అర్రే అంటాం. నేను మొదట రాసిన కోడ్‌లో ఒక్క రైతు ఫోన్ నంబరు తప్పినా వరుస మొత్తం వెనక్కి పోయేది, కాయ లోపలికి తేవడానికి ఎవరికీ టోకెన్ వచ్చేది కాదు. ఒకరోజు కాయ తెచ్చిన వాళ్లంతా ఎండలో నిలబడిపోయారు.

మేడం తెర చూసి గద్దించారు.

"ఒక్కని నంబరు తప్పైతే ఊరంతటిని ఎండల నిలవెడ్తవా?"

"రూల్ గట్లుంది మేడం."

"రూల్ రాసింది నువ్వే గద బిడ్డా! ఒక్కొక్కర్ని వేరుగ సూడు. మంచిగున్నోళ్లను పోనియ్యి. ఆగినోనికి ఎందుకాగిండో చెప్పు."

అట్లాగే ఒక్కో రైతునూ విడిగా చూసే లూపు రాశాను. సరిగ్గా ఉన్నవి లోపలికి పోయేవి. తప్పున్నదానికి, అది వరుసలో ఎన్నోది, ఏం తక్కువైంది అన్న జవాబు వెళ్లేది. ఆమె అంతటితో ఊరుకోలేదు. తన కుర్చీ ఎత్తుకెళ్లి మార్కెట్ కౌంటర్ పక్కన వేశారు. "ఆగినోళ్లు నిలవడొద్దు," అన్నారు. ఆ తర్వాత తాను నిలబడే టైపు చేసేవారు. కూర్చోమంటే తిట్టేవారు.

ఏ ఊరి నుంచైనా ఖాళీ వరుస వస్తే దాన్నీ తప్పు అననిచ్చేవారు కాదు. "ఇయ్యాల ఎవరు రాలె, గంతే. దానికి ఎర్ర గీత ఎందుకు?"

ఆమె దినం కాకముందే మార్కెట్ మేనేజరు ఫోన్ చేశాడు.

"మేడం లేదు గద, ఇగ ఆ లూపు తీసెయ్యమ్మా. ఒక్కటి తప్పుంటే మొత్తం వాపస్ పంపు. మనకు లొల్లి ఉండదు."

"తియ్య సార్."

"నౌకరీ వద్దా?"

"కావాలె. లూపు సుత ఉండాలె."

ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు. నేనూ తీయలేదు, తీయను.

నిన్న మబ్బు పట్టింది. కోడేరు వరుస వచ్చింది. వాన పడేలోపు బస్తాలు ఒకదాని వెనక ఒకటి షెడ్డులోకి పోతున్నాయి. నంబరు తప్పిన ముసలాయన ఒక్కడే ఆగాడు. కొడుక్కు ఫోన్ చేసి నంబరు అడుగుతున్నాడు, మేడం కుర్చీలో కాళ్లు బార చాపుకొని.